నాన్నగారి పద్యాలున్న డీవీడీ చివర్లో ఆగిపోతోంది, తమ్ముడేమో నన్ను తప్పుపడుతున్నాడు

కాకినాడ దగ్గరి ఒక ఊరి నుంచి ఓ పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమె పెళ్లి 2006లో జరిగింది. స్టూడియో అతను మూడు డీవీడీలు ఇచ్చాడు. మొదటిది పెళ్లి, రెండోది అప్పగింతలు, రిసెప్షన్, మూడోది సత్యనారాయణ వ్రతం. మూడింటి మీదా వధూవరుల ఫొటో ఉన్న కాగితం స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. బంధువులకు పంచడానికి కొన్ని వీసీడీ సెట్లు కూడా రాయించారు కానీ ఇప్పుడు వీళ్ల దగ్గర ఒక్కటీ మిగల్లేదు. రిసెప్షన్ చివర్లో ఆమె తండ్రి మైకు తీసుకుని పౌరాణిక నాటకాల్లోని పద్యాలు పాడారు. ఆయన గొంతు ఇంకెక్కడా రికార్డు కాలేదు. నిరుడు ఆయన పోయారు. తల్లి ఇప్పుడు ఈమె దగ్గరే ఉంటున్నారు. "ఒకసారి మీ నాన్న పద్యం పెట్టవే" అని వారం వారం అడుగుతున్నారట.

మొదటి డిస్కు తండ్రి కొన్న పాత ప్లేయర్‌లో బాగానే వస్తోంది. రెండోది నాలుగైదేళ్ల క్రితం దాకా పూర్తిగా వచ్చేది. ఇప్పుడు సరిగ్గా పద్యాల దగ్గరకు రాగానే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతోంది. మూడోది ఆ ప్లేయర్‌లో మొదటి నుంచీ రాదు, "నో డిస్క్" అని చూపిస్తుంది. పక్కింటి అబ్బాయి కంప్యూటర్‌లో మాత్రం వస్తుంది. డల్లాస్‌లో ఉంటున్న తమ్ముడు 2010లో ఇండియా వచ్చినప్పుడు మూడింటికీ కాపీలు రాయించుకుని వెళ్లాడు. అక్కడి ప్లేయర్‌లో ఒక్కటి కూడా ఆడలేదు. "మంచివి నువ్వుంచుకుని పనికిరానివి నాకిచ్చావు" అని అతని అనుమానం. తండ్రి పోయాక అది పెద్ద మాటై కూర్చుంది. ఇప్పుడు అసలు డిస్కులే కొరియర్‌లో పంపమంటున్నాడు.

ఇవి కాక 2008 గృహప్రవేశంలో మరిది హ్యాండీక్యామ్‌తో తీసిన చిన్న డిస్కులు రెండున్నాయి. కెమెరా పాడైపోయింది. వాటిని ఎందులో పెట్టినా ఖాళీ డిస్కు అంటోంది. టౌన్‌లో ఒక షాపు అతను అన్నిటికీ పాలిష్ కొట్టి పెన్ డ్రైవ్‌లో వేసిస్తాను, వారం రోజులు ఉంచి వెళ్లండి అన్నాడు. బయట నుంచి తగిలించే డీవీడీ రైటర్ కొందామని భర్త, అన్నీ యూట్యూబ్‌లో పెట్టేద్దామని కొడుకు. "బీరువాలో జాగ్రత్తగానే దాచాను. అయినా నా వల్లే పాడయ్యాయా? నాన్న గొంతు పోగొట్టింది నేనేనా అని ఒకటే టెన్షన్, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?" అని ముగించారు.

అమ్మా, అన్నిటికంటే ముందు మీ తమ్ముడి డిస్కుల సంగతి చెబుతాను. మీ ఇద్దరి మధ్య గొడవకీ, నాన్నగారి పద్యాలకీ దారి అక్కడే దొరుకుతుందని నా నమ్మకం. ఆ కాపీలు పాడైనవి కాకపోవచ్చు. మీ అందరి దగ్గరా ఉన్నవాటిలో అవే బాగున్నవి కూడా కావచ్చు.

ఇండియాలో టీవీ, వీడియో పాల్ పద్ధతిలో నడిచాయి. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో 576 గీతలు. అమెరికాలో ఉన్నది ఎన్‌టీఎస్‌సీ. అక్కడ సెకనుకు దాదాపు 30 ఫ్రేములు, 480 గీతలు. కాకినాడలో స్టూడియో అతను తీసిన పెళ్లి డీవీడీ పాల్‌లోనే ఉంటుంది. మన దగ్గర అమ్మిన ప్లేయర్లు చాలావరకు రెండు పద్ధతుల్నీ ఆడతాయి. అమెరికా మార్కెట్ కోసం చేసిన ప్లేయర్లలో చాలా వాటికి పాల్ తెలియదు. కొన్ని "ఈ డిస్కు ఆడదు" అని చెప్పేస్తాయి. కొన్నిట్లో బొమ్మ పైకీ కిందికీ దొర్లుతూ రంగుల్లేకుండా వస్తుంది. చూసేవాళ్లకు డిస్కే చెడ్డదనిపిస్తుంది. ఇండియా నుంచి పెళ్లి డిస్కులు పట్టుకెళ్లిన ఎంతోమందికి అమెరికాలో ఇదే జరిగింది.

రీజియన్ కోడ్ అని ఇంకో అడ్డు ఉంది కానీ మీ విషయంలో దాని పాత్ర ఉండకపోవచ్చు. అమెరికాది 1, ఇండియాది 5. కంపెనీలు అచ్చువేసి అమ్మే సినిమా డిస్కులకు ఆ తాళం వేస్తారు. స్టూడియోలో రాసిన పెళ్లి డిస్కుకు మామూలుగా అలాంటిదేమీ ఉండదు.

కంప్యూటర్‌కు పాల్, ఎన్‌టీఎస్‌సీ తేడా లేదు. మీ తమ్ముణ్ణి ల్యాప్‌టాప్‌కు ఒక డీవీడీ డ్రైవ్ తగిలించి, వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో రెండో డిస్కు చివరి అరగంట పెట్టి చూడమనండి. ఆ కాపీ తీసింది 2010లో. మీ రెండో డిస్కు అప్పటికింకా పూర్తిగా ఆడుతోంది. డీవీడీని డీవీడీకి ఉన్నదున్నట్టు కాపీ చేస్తే క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించినప్పటిలా నాణ్యత తగ్గదు. కాబట్టి పద్యాలు ఆ డిస్కులో పూర్తిగా ఉండే అవకాశం బాగా ఎక్కువ. అది కూడా ఇన్నేళ్లలో కొంత దెబ్బతిని ఉండవచ్చు. అయినా రెండు డిస్కులు కచ్చితంగా అవే ముక్కల్లో చెడిపోవడం అరుదు.

మీ తమ్ముడికి ఈ విషయం ఎలా చెప్పాలన్నది కూడా ఆలోచించాను. "నేను చెడ్డవి ఇవ్వలేదు" అని మొదలుపెడితే మళ్లీ పాత వాదనే నడుస్తుంది. "నా దగ్గరున్న డిస్కులో నాన్న పద్యాలు ఆగిపోతున్నాయిరా, నీ దగ్గరున్న దాంట్లో ఉండొచ్చంటున్నారు, ల్యాప్‌టాప్‌లో పెట్టి చూడు" అని అడగండి. అది నిజం కూడా. అతను పనికిరానిదని పక్కన పడేసిన డిస్కు ఇప్పుడు మీ అమ్మగారికి కావాలి. ఇప్పటికే విసిరేసి ఉంటే బాధపడాల్సిందే. కానీ అడగకుండా అలా అనుకోవద్దు.

ఇక మీ రెండో డిస్కు. అది సరిగ్గా పద్యాల దగ్గరే ఎందుకు ఆగుతోందని మీరు దిగులుపడ్డారు. డీవీడీలో సమాచారం జిలేబీ చుట్టలా ఒకే గీతగా మధ్యలో మొదలై అంచు వైపు సాగుతుంది. నిండా రాసిన డిస్కులో కార్యక్రమం చివరి భాగం అంచు దగ్గర పడుతుంది. నాన్నగారు పాడింది రిసెప్షన్ చివర కాబట్టి ఆ పద్యాలు బయటి అంచు మీద ఉన్నాయి. రాసిన డిస్కులు ముందుగా మొరాయించేది ఎక్కువగా ఆ చోటే. వేళ్లు తగిలేది అక్కడ. రంగు పూత సమంగా పడకపోయే అవకాశం ఎక్కువ ఉన్నదీ అక్కడే. డిస్కు కాస్త వంగినా ఆ వంపు అన్నిటికంటే ఎక్కువ కనిపించేది అంచులోనే.

ఆ వంపుకు మీ డిస్కుల మీది కాగితం స్టిక్కరు పెద్ద కారణం కావచ్చు. కాగితం తేమకు సాగుతుంది, ఎండకు బిగుస్తుంది. ఏళ్ల తరబడి అలా లాగుతూ ఉంటే డిస్కు కంటికి తెలియనంత వంగుతుంది. డీవీడీని చదివే ఎర్ర లేజరు సీడీ లేజరు కంటే సన్నని చుక్కగా పడాలి, అందుకే ఈ వంపును సీడీ కంటే తక్కువగా తట్టుకుంటుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2003లో విడుదల చేసిన డిస్కుల సంరక్షణ గైడ్‌లో కూడా డీవీడీలకు స్టిక్కర్లు అంటించవద్దని ఉంది. అప్పట్లో మన స్టూడియోలన్నీ అందంగా ఉంటుందని ఫొటో స్టిక్కర్లే వేసేవి. అది మీరు చేసిన పని కాదు.

ఇప్పుడు మాత్రం దాన్ని పీకే ప్రయత్నం చేయకండి. సగం ఊడిన స్టిక్కరు పూర్తిగా ఉన్నదానికంటే ప్రమాదం, తిరిగేటప్పుడు డిస్కు ఒకవైపు బరువై ఊగిపోతుంది. బంధువుల దగ్గర వీసీడీలు దొరికి వాటి మీదా స్టిక్కరుంటే అసలు తాకవద్దు. సీడీలో సమాచారం ఉన్న పొర పైభాగానే పల్చని లక్క కింద ఉంటుంది, స్టిక్కరుతో పాటు అదీ ఊడొచ్చేస్తుంది. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం.

మీ తప్పా అని అడిగారు. కాదు. ఇది ఓదార్పు కోసం చెబుతున్న మాట కాదు. కంపెనీలు అచ్చువేసే సినిమా డిస్కులో సమాచారం ప్లాస్టిక్‌లోనే గుంటలుగా నొక్కి ఉంటుంది. మన స్టూడియోలో రాసే డీవీడీలో అది ఒక రసాయన రంగు పూత మీద లేజరు వేసిన మచ్చల రూపంలో ఉంటుంది. ఆ రంగు వేడికీ వెలుతురుకీ తేమకీ మెల్లగా మారుతుంది. కెనడా ప్రభుత్వ సంరక్షణ సంస్థ వేసిన అంచనా ప్రకారం మామూలు డీవీడీ-ఆర్ (ఒక్కసారి మాత్రమే రాసుకోగల డీవీడీ) ఆయుష్షు 10 నుంచి 20 ఏళ్లు. అదీ మంచి కంపెనీ డిస్కును సరైన పద్ధతిలో రాసి, సరైన చోట దాచినప్పుడు. మీది సముద్రం గాలి తగిలే ఊరు, ఏ కంపెనీ డిస్కో తెలియదు, రాసింది 2006లో. మూడింటిలో ఒకటే అంచు దగ్గర మొరాయిస్తోందంటే మీరు బాగానే కాపాడారనే అర్థం.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. మొదటి డిస్కు బాగా వస్తోందని మీరు దాని గురించి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు దాని గురించీ దిగులుగానే ఉంది. డీవీడీలో అసలు సమాచారంతో పాటు తప్పులు దిద్దుకోవడానికి అదనపు అంకెలు కూడా రాసి ఉంటాయి. గీత పడినా, రంగు పూత వెలిసినా, ప్లేయర్ ఆ అంకెల సాయంతో పోయినదాన్ని లెక్కగట్టి నింపేస్తుంది. బొమ్మలో మీకు ఏ లోపమూ కనబడదు. లోపాలు ఒక హద్దు దాటిన రోజున మాత్రం ఒక్కసారిగా గళ్లు పడతాయి. అంటే బాగా ఆడుతున్న డిస్కు ఆరోగ్యంగా ఉందో, హద్దు అంచున ఉందో చూసి చెప్పలేం. అందుకే మూడు డిస్కులూ ఇప్పుడే కాపీ చేయాలి. ముందు బాగున్న మొదటిదాన్నీ మూడోదాన్నీ చేయండి, దాంతో చేసేవాళ్లకు చెయ్యి కూడా తిరుగుతుంది. ఆ తర్వాత రెండోది. అప్పటిదాకా రెండోదాన్ని ప్లేయర్‌లో పదేపదే పెట్టవద్దని అమ్మగారికి నచ్చజెప్పండి. చదవడం వల్ల డిస్కు అరగదు, లేజరు దాన్ని తాకదు. కానీ తీయడం పెట్టడంలో గీతలు పడతాయి, పాత ప్లేయర్ ట్రే ఇరుక్కుపోవడం కూడా మామూలే.

మూడో డిస్కుకు జబ్బేమీ లేదనుకుంటున్నాను. దాని మధ్య కన్నం చుట్టూ ఉన్న వలయంలో చిన్న అక్షరాలు ఉంటాయి, ఒకసారి చూడండి. మొదటి రెండింటి మీద డీవీడీ-ఆర్ అని, దీని మీద డీవీడీ ప్లస్ ఆర్ అని ఉన్నా నాకు ఆశ్చర్యం లేదు. డీవీడీ-ఆర్‌నే మైనస్ ఆర్ అంటారు, అది పయొనీర్ కంపెనీ నుంచి 1997లో వచ్చింది. ఫిలిప్స్, సోనీ తదితరులు కలిసి తెచ్చిన ప్లస్ ఆర్ 2002లో వచ్చింది. 2006 నాటికి షాపుల్లో రెండూ పక్కపక్కనే ఉండేవి, స్టూడియో వాళ్లు ఏది దొరికితే అది వాడేవారు. ప్రతి డిస్కు మొదట్లో అది ఏ రకమో చెప్పే చిన్న గుర్తు ఉంటుంది. ప్లస్ ఆర్ గుర్తు చూసి, ఇదేమిటో నాకు తెలియదని తిప్పికొట్టే ప్లేయర్లు అప్పట్లో ఉండేవి. కంప్యూటర్ డ్రైవులు చాలావరకు రెండింటినీ చదువుతాయి. పైగా మీ ప్లేయర్‌కూ వయసైంది. లెన్సు మీద దుమ్ము, లేజరులో తగ్గిన శక్తి కలిస్తే, కొంచెం తక్కువగా మెరిసే డిస్కు ఉందని కూడా దానికి తెలియదు. కాబట్టి ఆ ప్లేయర్ "నో డిస్క్" అంటే డిస్కు పోయిందని అర్థం కాదు. పాత ప్లేయర్ తీర్పు మీద ఏ డిస్కునూ చెత్తబుట్టలో వేయకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీవారు చెప్పినట్టు యూఎస్‌బీ డీవీడీ రైటర్ కొంటే రెండు మూడు వేల రూపాయల్లో పని అవుతుంది. డిస్కులు ఇల్లు దాటవు, తొందర ఉండదు, ఆగిన చోట మళ్లీ ప్రయత్నించవచ్చు. కష్టమల్లా ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చోవాలి. మీ అబ్బాయికి, పక్కింటి అబ్బాయికి ఈ పని అప్పగించవచ్చు. బాగున్న డిస్కులో వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని కంప్యూటర్‌లోకి మొత్తం కాపీ చేస్తే చాలు. ఇంకా మంచిది డిస్కు మొత్తాన్ని ఒకే ఐఎస్ఓ ఫైలుగా తీయడం, ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాంతో అది చేయవచ్చు.

రెండో డిస్కుకు మాత్రం మామూలు కాపీ పనికిరాదు. ఎర్రర్ రాగానే ఆగిపోతుంది. దానికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఉంది, విండోస్‌కు బదులు వాడే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడుస్తుంది. అది ముందు తేలిగ్గా వచ్చేదంతా తీసేసుకుంటుంది. రాని ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక ఫైలులో గుర్తు రాసుకుంటుంది. తర్వాత ఆ ముక్కల కోసం మాత్రమే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. దీని గొప్పతనం ఏమిటంటే, అదే డిస్కును ఇంకో కంప్యూటర్‌లోని ఇంకో కంపెనీ డ్రైవులో పెట్టి, అదే గుర్తుల ఫైలుతో పని కొనసాగించవచ్చు. ఒక డ్రైవు చదవలేని ముక్కను ఇంకోటి చదువుతుంది, వంపును ఒక్కో డ్రైవు ఒక్కోలా తట్టుకుంటుంది. పాత డెస్క్‌టాప్‌లలోని డ్రైవులు ఇలాంటి పనికి బాగా ఉపయోగపడతాయి, తెలిసినవాళ్ల ఇంట్లో మూలన పడున్నవి అడిగి చూడండి. అందరి డ్రైవులూ కలిసి పూర్తి డిస్కు వచ్చేసే సందర్భాలు తక్కువేమీ కాదు.

దానికి ముందు డిస్కును కడగండి. మెరిసే వైపు వెలుతురుకు పెట్టి చూడండి. కోస్తా తేమకు బూజు చారలు పడుతుంటాయి. మంచినీళ్లు, ఒక చుక్క తేలికపాటి సబ్బు, మెత్తని నూలు గుడ్డ చాలు, కాకపోతే స్టిక్కరు వైపు తడవకూడదు. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. అడ్డంగా పడ్డ గీతను దిద్దుబాటు అంకెలు సరిచేసుకోగలవు. చుట్ట వెంబడి పొడుగ్గా పడ్డ గీత ఒకే చోట చాలా సమాచారాన్ని మింగేస్తుంది. టూత్‌పేస్ట్ చిట్కాలు ఎవరైనా చెబితే వినకండి.

షాపు అతను మంచివాడే అయ్యుండవచ్చు, కానీ పాలిష్ అన్న మాట నాకు నచ్చలేదు. పాలిష్ పనికొచ్చేది పైన పడ్డ గీతలకే. మీ డిస్కు జబ్బు గీతలది కాదు, మీరు గీతలేమీ లేవనే రాశారు కూడా. వంగిన డిస్కును, రంగు వెలిసిన డిస్కును పాలిష్ బాగుచేయలేదు సరికదా, ప్లాస్టిక్ పొర అసమంగా అరిగితే ఇప్పుడు వస్తున్న భాగం కూడా రాకుండా పోతుంది. ఆ దారిలోనే వెళ్లాలనుకుంటే పాలిష్ వద్దని గట్టిగా చెప్పి, ముందు మొదటి డిస్కు ఒక్కటే ఇచ్చి చూడండి. చిన్న ఎంపీ4 ఫైలు కాకుండా ఐఎస్ఓ గానీ వీడియో_టీఎస్ ఫోల్డర్ గానీ అడగండి. చాలా షాపుల్లో తొందరగా అయిపోవాలని బాగా కుదించిన ఫైలు ఇస్తారు, అందులో పోయిన నాణ్యత మళ్లీ రాదు. వారం రోజులు వదిలి రావడం కంటే దగ్గరుండి చేయించుకోవడం నయం. హైదరాబాద్ లాంటి నగరాల్లో డేటా రికవరీ చేసేవాళ్లున్నారు, ఖర్చు చాలా ఎక్కువ. తమ్ముడి కాపీ, వేరే డ్రైవులు, వీసీడీలు అన్నీ విఫలమయ్యాక ఆ మాట ఆలోచించవచ్చు.

వీసీడీల గురించి మీరు దాటవేస్తూ రాశారు గానీ నాకది చాలా విలువైన వివరం. మేనత్తలు, పిన్నమ్మలు, మీ అత్తగారి వైపు వాళ్లు, ఎవరి ఇంట్లోనైనా ఆ సెట్టు ఉండవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఒక మాట వేయండి. వీసీడీలో బొమ్మ 352 బై 288 చుక్కలే, డీవీడీ ముందు మసగ్గా ఉంటుంది. శబ్దం మాత్రం ఫర్వాలేదనిపించే నాణ్యతలోనే ఉంటుంది. మీకు కావలసింది నాన్నగారి గొంతు. డీవీడీలో రాని నాలుగు నిమిషాల శబ్దాన్ని వీసీడీ నుంచి తీసుకుని అతికించగల ఎడిటర్లు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నారు. పైగా ఒక్కో సీడీలో గంటా పావు వీడియోనే పడుతుంది కాబట్టి పెళ్లిని వేరే చోట్ల విరిచి ఉంటారు, పద్యాలు ఆ సీడీల్లో అంచు మీద కాకుండా మధ్యలో పడి ఉండవచ్చు. ఒక జాగ్రత్త చెప్పాలి. వీసీడీలో వీడియో ఉండే .DAT ఫైళ్లను కంప్యూటర్‌లో మామూలుగా కాపీ చేస్తే ఒక్కోసారి ఎర్రర్ వస్తుంది. ఆ వీడియో రాసే పద్ధతి వేరు, దిద్దుబాటు అంకెలు కూడా తక్కువ. డీడీరెస్క్యూ కూడా అక్కడ సరిగా పనిచేయదు. ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రాంతో తీయాలి. ఎర్రర్ చూసి డిస్కు పోయిందనుకోవద్దు.

హ్యాండీక్యామ్ చిన్న డిస్కుల కథ వేరు. 8 సెంటీమీటర్ల ఆ డిస్కులో 1.4 జీబీ, అంటే సుమారు అరగంట వీడియో పడుతుంది. రికార్డింగ్ అయ్యాక కెమెరాలోనే ఫైనలైజ్ అనే బటన్ నొక్కాలి. అప్పుడే డిస్కులో ఏముందో చెప్పే విషయసూచిక రాయబడుతుంది. అది చేయకపోతే వేరే ప్లేయర్లకు, కంప్యూటర్లకు డిస్కు ఖాళీగా కనిపిస్తుంది. గృహప్రవేశం హడావుడిలో మీ మరిది అది మరిచిపోయి ఉండాలి. వీడియో లోపల అలాగే ఉండే అవకాశం ఉంది. అదే కంపెనీ, వీలైతే అదే మోడల్ కెమెరా పాతది ఎక్కడైనా దొరికితే అందులో పెట్టి ఫైనలైజ్ చేయడం అన్నిటికంటే తేలిక. దొరక్కపోతే ఫైనలైజ్ కాని డిస్కులను కూడా చదివే ప్రయత్నం ఐసోబస్టర్ చేస్తుంది, అన్ని డ్రైవుల్లోనూ కుదరదు. ఈలోగా కంప్యూటర్ "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?" అని అడిగితే ఎట్టి పరిస్థితిలోనూ ఎస్ నొక్కవద్దు. ట్రే లేకుండా సన్నని సందులోకి లాక్కునే డ్రైవుల్లో, కారు స్టీరియోల్లో ఈ చిన్న డిస్కులు పెట్టకండి, లోపల ఇరుక్కుంటాయి.

అసలు డిస్కులు డల్లాస్ పంపాలా అన్నది మీ కుటుంబం తేల్చుకోవలసిన విషయం. నేను దాని పర్యవసానాలు మాత్రం చెబుతాను. కాపీ తీయకముందు పంపితే, దారిలో పోయినా వంగినా మళ్లీ తెచ్చుకునే దారి లేదు. చేరినా అక్కడి ప్లేయర్‌లో ఇవీ పాల్ పద్ధతివే కాబట్టి ఇవీ ఆడవు. అప్పుడు అనుమానం తీరదు, ఇంకా పెరుగుతుంది. కాపీ తీశాక పంపితే పోయేది ప్లాస్టిక్ మాత్రమే. అతనికి నాన్నగారి గుర్తుగా అసలు డిస్కే కావాలనిపిస్తే, అప్పుడు ఒకటి ఇవ్వడానికి మీరు ఇష్టపడవచ్చు, అందులో తప్పు లేదు. ఇవ్వాలని మనసు రాకపోయినా తప్పు లేదు. తీసిన ఐఎస్ఓ ఫైళ్లను ఏదీ దాచకుండా మొత్తం అతనికి పంపండి, అతని దగ్గరున్నవాటి నుంచి తీసినవి కూడా మీకు పంపమనండి. ఇద్దరి దగ్గరా ఒకటే సెట్టు ఉంటే "మంచివి ఎవరి దగ్గర" అన్న ప్రశ్నకు చోటుండదు.

మూడు డిస్కులూ నిండుగా ఉంటే మొత్తం 13 జీబీ దాకా వస్తుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో అది దాదాపు అంతా ఆక్రమిస్తుంది, మీ మెయిళ్లకు, ఫొటోలకు చోటు మిగలదు. ఇంట్లో ఒక హార్డ్ డిస్క్, తమ్ముడి ఇంట్లో ఒకటి, ఎక్కడో ఒక చోట ఆన్‌లైన్‌లో ఒకటి ఉంటే బాగుంటుంది. పెన్ డ్రైవ్ టీవీలో పెట్టుకుని చూడటానికి మంచిదే, ఏళ్ల తరబడి దాచడానికి మాత్రం నమ్మకండి. యూట్యూబ్‌లో పెడితే లింకు ఉన్నవాళ్లు ఎక్కడున్నా చూడవచ్చు, తమ్ముడి పిల్లలకు అది సులువు. కానీ అది వీడియోను కుదిస్తుంది. పెళ్లి వీడియోల్లో స్టూడియో వాళ్లు వేసిన సినిమా పాటల వల్ల కాపీరైట్ అభ్యంతరం వచ్చి శబ్దం తీసేసే ప్రమాదం కూడా ఉంది. మీ అబ్బాయి సరదా కాదనను, దాన్ని అసలు కాపీగా మాత్రం లెక్కపెట్టకండి.

మళ్లీ కొత్త డిస్కుల మీద రాయించాలా అని అడగలేదు గానీ, అమ్మగారికి ప్లేయర్ అలవాటు కాబట్టి మీకు ఆ ఆలోచన రావచ్చు. రాయిస్తే పేరున్న కంపెనీ డీవీడీ-ఆర్ తీసుకుని, ఉన్న వేగాల్లో అతి ఎక్కువది కాకుండా 4 గానీ 8 గానీ పెట్టి, స్టిక్కరు లేకుండా, డిస్కు నిండా కాకుండా రాయమనండి. పద్యాలను ఆ డిస్కులో మొదటే వేయించండి, అప్పుడవి లోపలి వైపు ఉంటాయి. ఎక్కువ కాలం నిలవాలంటే ఎం-డిస్క్ అనే రకం ఉంది. అందులో రసాయన రంగుకు బదులు గట్టి ఖనిజ పొర వాడతారు, మామూలు ప్లేయర్లు చాలావరకు చదువుతాయి, రాయడానికి మాత్రం దానికి తగిన రైటర్ కావాలి. అయితే ఈ సామాను రోజురోజుకూ తగ్గిపోతోంది. రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. కాబట్టి డిస్కును ఒక అదనపు కాపీగా పెట్టుకోండి, దాని మీదే ఆధారపడకండి. మీ టీవీకి యూఎస్‌బీ ఉంటే పద్యాల ముక్కను మాత్రం హ్యాండ్‌బ్రేక్ లాంటి ప్రోగ్రాంతో ఎంపీ4 చేసి పెన్ డ్రైవ్‌లో వేయండి. అమ్మగారు అడిగినప్పుడల్లా మొత్తం రిసెప్షన్ దాటించుకుంటూ రావలసిన పని ఉండదు.

ఈ వారం చేయగలిగినవి రెండే: తమ్ముడికి ఫోను, బంధువుల గ్రూపులో వీసీడీల కబురు. రెండింటికీ ఖర్చు లేదు, రైటర్ కొనేలోపే ఫలితం తెలిసిపోవచ్చు. తమ్ముడి డిస్కు ల్యాప్‌టాప్‌లో ఎంతవరకు వచ్చిందో, మీ రెండో డిస్కు లోపలి వలయం మీద ఏ అక్షరాలున్నాయో, డీడీరెస్క్యూ నడిపితే ఎంత శాతం రాకుండా మిగిలిందో రాయండి. చిన్న కెమెరా డిస్కుల మీది మోడల్ వివరాలు, మరిదికి గుర్తుంటే కెమెరా పేరు కూడా పంపండి. అవి చూశాక డేటా రికవరీ వాళ్ల దాకా వెళ్లాల్సిన అవసరం ఉందో లేదో చెబుతాను.